వంకర ఆకుల చక్రం

డిప్లొమా చేతికొచ్చినవాడికి ఇనుము గురించి తెలియనిది ఉండదని ఇరవై రెండో ఏట నేను గట్టిగా నమ్మాను. సాక్ష్యం కూడా ఉంది. పోతపని పేపర్లో నూటికి డెబ్భై ఒకటి. అప్పటికి కరిగిన ఇనుమును ఒక్కసారైనా దగ్గర నిలబడి చూసింది లేదు, అది వేరే సంగతి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆ బిచ్చగాడిని నేనే.

1972లో రాజేశం సేటు నన్ను నక్షలు గీసే పనికి పెట్టుకున్నాడు. గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ పోయే దారిలో ఆయనకు ఇనుప పోత కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే రేకుల షెడ్డు, ఒక కొలిమి, పన్నెండు మంది మనుషులు. బొగ్గుబాయిలకు పనికొచ్చే చిన్నాచితకా సామాను పోసి ఇచ్చేవాళ్లం.

పోత మేస్త్రీ అలీముద్దీన్. యాభై దాటిన మనిషి. షెడ్డు వెనక సేటు కట్టించిన ఒంటిగదిలో భార్య మహబూబీతో ఉండేవాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ని, ఆయన నన్ను సారూ అనేవాడు. నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద మనిషి సారూ అంటుంటే వద్దనాలని నాకు తట్టనే లేదు.

వానాకాలం పోయాక మాకు ఆరు చక్రాల పని వచ్చింది. బాయిలో బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో లాగుతారు. మలుపు దగ్గర ఆ తాడు తిరగడానికి రెండున్నర అడుగుల పోతచక్రం ఉంటుంది. నమూనాకని అరిగిపోయిన పాత చక్రం ఒకటి ఇచ్చారు. చక్రం నడిమి గుబ్బను అంచుతో కలిపే కడ్డీలను మేమూ బండి చక్రానికి అన్నట్టే ఆకులు అంటాం. ఆ పాత చక్రానికి ఆకులన్నీ కొడవలిలా వంగి ఉన్నాయి.

"ఈ వంకరలు ఎందుకు కాకా?" అని అడిగాను.

"గట్లనే ఉంటయి సారూ. ఇనుము సల్లారంగ ముడుసుకుంటది. వంకర ఉంటే ఆకు జర సర్దుకుంటది. సక్కగ ఉంటే యాడికి పోతది?"

"బండి చక్రం చూడలేదా? దాని ఆకులు సక్కగనే ఉంటయి గద. తాతల కాలంసంది తిరుగుతలేవా?"

"బండి చక్రాన్ని కరగబెట్టి పోస్తరా సారూ?"

అక్కడున్న నలుగురూ నవ్వారు. చెక్క అచ్చులు చేసే వడ్ల గట్టయ్య అయితే చేతిలో ఉలి కింద పెట్టి మరీ నవ్వాడు. అలీముద్దీన్ నవ్వలేదు. నిజంగానే అడిగాడు ఆయన. కానీ నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ వంకరలు దొరల కాలపు సోకులని తేల్చేసి, ఆరు ఆకులూ నిటారుగా గీశాను. గీయడం తేలిక, గట్టయ్యకు అచ్చు చేయడం తేలిక, ఇనుము కూడా తక్కువ పడుతుంది. సేటు నక్ష చూసి మురిసిపోయాడు. "సదువంటే గిది" అని అందరికీ చూపించాడు.

గట్టయ్య చేసిన అచ్చును ఇసుకలో ఒత్తి తీసి, ఆ గుంతలో మొదటి చక్రం ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పోశారు, పైన ఇసుక కప్పారు. పదకొండు అవుతుండగా అలీముద్దీన్ పార తీసుకుని నడిమి గుబ్బ మీది ఇసుక తోడేశాడు. గుబ్బ ఇంకా ఎర్రగా మెరుస్తోంది. అంచును మాత్రం ఇసుకలోనే ఉంచాడు. తర్వాత కాళ్లూ చేతులూ కడుక్కుని జుమ్మా నమాజుకు వెళ్లిపోయాడు. మర్నాడు చక్రం బయటికి తీస్తే గీత కూడా లేకుండా వచ్చింది. నా నక్ష గెలిచింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ నవ్వు ఇంకా లోపల కుడుతూనే ఉంది. సేటు దగ్గరికి వెళ్లి, "పోత ఇంకా ఎర్రగ ఉండంగనే తెరిచి నమాజుకు పోయిండు. పని మీద ధ్యాస లేదు" అన్నాను. సేటు అప్పుడే వచ్చి అందరి ముందూ అడిగాడు.

"నడుమ లావుంటది సేటు. జల్ది సల్లారది. తెరిస్తే అంచుతోపాటు సల్లారుతది. లేకుంటే..." అని అలీముద్దీన్ మొదలుపెట్టాడు.

"నమాజుకు పొమ్మంట, నేనేం అడ్డమా? గని తెల్లారేదాక ఇసుక ముట్టద్దు. సదువుకున్నోడు ఒట్టిగనే చెప్తడా?"

అలీముద్దీన్ నా వైపు చూశాడు. నేను చేతిలో ఉన్న కాగితం చూసుకున్నాను. నమాజు వంక చెప్పి పని ఎగ్గొడుతున్నాడనే అప్పటికి నా నమ్మకం. శుక్రవారం కాని రోజున కూడా ఆయన అట్లాగే తెరుస్తాడా అని ఎవరినైనా అడిగితే ఒక్క నిమిషంలో తెలిసేది. అడగలేదు.

రెండో చక్రాన్ని ఎవరూ ముట్టలేదు. తెల్లారి తీస్తే రెండు ఆకులు అంచు దగ్గర తెగి ఉన్నాయి. మూడోదీ అంతే. సేటు పగిలిన చక్రాల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"అలీముద్దీన్, నీ చెయ్యి తప్పుతుంది. రేపు ఇంకొక్కటి పొయ్యి. అది గూడ పగిలితే నా పనికి వేరేటోన్ని చూసుకుంట. అర్ర ఖాళీ చెయ్యాలె మరి."

"మంచిది సేటు" అన్నాడాయన. యాభై దాటినవాణ్ని బాయి పనికి తీసుకోరు. ఈ చుట్టుపక్కల ఇంకో పోత కార్ఖానా లేదు. పని పోతే గది పోతుంది. ఆ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం మహబూబీ గది ముందు కూర్చుని బియ్యం ఏరుతూ, దారిన పోయే ప్రతివాడి ముఖమూ చూసింది.

అందరూ వెళ్లాక పగిలిన చక్రాలు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మేస్త్రీ తప్పు ఎక్కడుందో రాసి సేటుకు ఇవ్వాలని నా ఆలోచన. రెండింటిలోనూ పగుళ్లు ఒకే చోట ఉన్నాయి. తెగిన కొసల మధ్య సందులో గోరు పడుతోంది. విరిగిన ముక్కలు మళ్లీ కలిపితే కలవాలి కదా, ఇవి కలవవు. ఆకు పొట్టిదైపోయింది. చెయ్యి తప్పితే ఆకు పొట్టిది కాదు.

అప్పుడు నా నోట్‌బుక్ తీశాను. అంతా అందులోనే ఉంది, నా చేతిరాతతోనే. పలుచని అంచు ముందు చల్లారి బిగుసుకుంటుంది. లావుపాటి గుబ్బ తర్వాత చల్లారుతూ ఆకులను లోపలికి లాగుతుంది. అంచు రాదు, గుబ్బ వదలదు. వంకర ఆకు అయితే కొంచెం సాగి ఊరుకుంటుంది, నిటారు ఆకు తెగుతుంది. శుక్రవారం చక్రం బతికింది అలీముద్దీన్ నడిమి ఇసుక తోడి గుబ్బను ముందుగా చల్లార్చాడు కాబట్టి. ఆయన పని ఎగ్గొట్టలేదు. నా తప్పు నక్షను తన పారతో నిలబెట్టాడు, నేను వెళ్లి ఆయన మీదే చాడీ చెప్పాను. ఈ ముక్కకు పరీక్షలో నాకు ఎనిమిది మార్కులు వచ్చాయి.

సేటు ఇల్లు షెడ్డుకు వంద అడుగులు. దీపాలు కూడా పెట్టలేదింకా. వెళ్లి చెబితే సరిపోయేది. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు, గట్టయ్య మళ్లీ ఉలి కింద పెడతాడు, సేటు ముఖం ఎట్లా ఉంటుందో. రేపటి చక్రం పగలకపోతే ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు కదా అనుకున్నాను. అది ఎందుకు పగలకుండా ఉంటుందో నాకు తెలియదు, అయినా అట్లాగే అనుకుని ఇంటికి పోయాను.

మర్నాడు నాలుగో చక్రం పోశారు. సేటు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. రెండు గంటలు గడిచాక అలీముద్దీన్ పార పట్టుకుని అచ్చు పక్కన నిలబడ్డాడు. సేటును అడగలేదు, నన్ను అడిగాడు.

"సారూ, నడుమ తియ్యాల్నా?"

అవును అంటే చాలు. ఒక్క మాట. సేటు నా వైపే చూస్తున్నాడు.

"సేటు చెప్పినట్టు చెయ్యి కాకా" అన్నాను.

ఆయన పారను గోడకు ఆనించాడు. మధ్యాహ్నం మూడింటికి ఇసుక కింద ఠంగుమని చప్పుడైంది. ఎవరూ తెరిచి చూడలేదు. అలీముద్దీన్ గదికి వెళ్లాడు, కాసేపటికి లోపల గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినపడింది.

తెల్లారి ఒక ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, గిన్నెల మూటతో ఇద్దరూ బసంత్‌నగర్ బస్సెక్కారు. పది గంటలకు నేను సేటు దగ్గరికి వెళ్లాను. తప్పు నాదేనని, ఆకులు వంకరగా ఉండాల్సిందని, మేస్త్రీ ముందే చెప్పాడని, ఇసుక తోడింది కూడా అందుకేనని అంతా చెప్పాను. సేటు ఓపిగ్గా విన్నాడు. విని నా భుజం తట్టాడు.

"నీ మనసు మంచిది సదయ్యా. ముసలోడు పోతుంటే పానం కొట్టుకుంటుంది నీకు. గని వాని తప్పు నెత్తిన ఏసుకుంటే ఎట్ల? లెక్క ప్రకారం గీసిన కాయితం యాడన్న తప్పు పోతదా?"

మళ్లీ చెప్పాను. ఆయన చాయ తెప్పించాడు.

నేను చేయగలిగింది ఒకటే, నక్ష మార్చడం. ఆకులు వంచి గీశాను. గట్టయ్య కొత్త అచ్చు చేశాడు. ఈసారి నవ్వలేదు, అడగలేదు కూడా. మంచిర్యాల నుంచి కొత్త మేస్త్రీ వచ్చాడు. ఇసుక తెల్లారేదాకా ముట్టకపోయినా చక్రాలు ఒక్కటీ పగలలేదు. ఆరూ బాయికి చేరాయి, ఇంకో పన్నెండు అడిగారు. సేటు వచ్చినవాళ్లందరితోనూ ఒకే మాట చెప్పేవాడు: "గా ముసలోడు పోంగనే పగులుడు బందైంది." అది కాదని మొదట్లో ఒకటి రెండుసార్లు అన్నాను. వినేవాళ్లు నన్ను మెచ్చుకోలుగా చూసేవారు. ఆ చూపు భరించలేక అనడం మానేశాను.

ఎండాకాలంలో ఒకరోజు పని మీద బసంత్‌నగర్ వెళ్లాను. సిమెంటు ఫ్యాక్టరీ గేటు ఎదురుగా చాయ హోటల్ బల్ల మీద అలీముద్దీన్ కూర్చుని ఉన్నాడు. లారీల మీద బస్తాలకు తాడు బిగించే పని దొరికిందట. కనుబొమ్మల దాకా సిమెంటే. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు, నాకూ చాయ చెప్పాడు.

"నేను పోయినంక చక్రాలు మంచిగ దిగుతున్నయట గద సారూ" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "చెయ్యి తప్పినట్టే ఉన్నది నాది. వయసు మీద పడ్డది, ఒప్పుకో అంటది మహబూబీ. ఒప్పుకున్న."

అంతసేపూ నాకున్నది సిగ్గు ఒక్కటే. ఆయన కూడా ఆ మాట నమ్మేశాడని ఇప్పుడు భయం వేసింది.

"నీ చెయ్యి కాదు కాకా. నక్ష తప్పు. తర్వాత ఆకులు వంకర గీసిన, అందుకే పగులుతలేవు."

ఆయన చాయ గ్లాసు మీంచి తల ఎత్తాడు. "సేటుకు చెప్పినవా?"

"చెప్పిన. నమ్మలే."

"ఎప్పుడు చెప్పినవ్? నేనుండంగనా, పోయినంకనా?"

"పోయినంక."

తల ఊపాడు. చాయ పూర్తిగా తాగి గ్లాసు బల్ల కింద పెట్టాడు.

"ఇల్లు గీడనే, గా గోడ ఎనక. గీ మాట మహబూబీకి వచ్చి చెప్పు సదయ్యా. నేను చెప్తే నమ్మది. నువ్వు సదువుకున్నోనివి."

నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. లేచి నిలబడ్డాను. ఆయనా లేచాడు, దారి చూపించడానికి.

"బస్సుకు టైమైంది కాకా, మళ్లొస్త" అన్నాను. ఆ దారిలో బస్సు అరగంటకొకటి ఉంటుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు.