రెబెకాబాయి నాన్న బాణీ

నేను ఒక లెగ్ హార్మోనియాన్ని. బతుకు మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఒక టేకు పెట్టె, ఇత్తడి రీడ్లు, కాలితో తొక్కితే నిండే తోలు తిత్తి. సొంత పాట ఒక్కటీ లేదు. వాయించినవాడి పాటే నా పాట. మోసపోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

నన్ను మొదట కొన్న నాటకాల కంపెనీ మూతపడ్డాక సికింద్రాబాదులోని ఒక చిన్న యూదుల ప్రార్థనా మందిరం నన్ను కొనుక్కుంది. రైల్వేలో పనిచేసే కొద్ది కుటుంబాలవాళ్లు అక్కడికి వచ్చేవారు. పిల్లలకు హీబ్రూ రాదు, ఇంగ్లీషు వచ్చు. అందుకని టీచరమ్మ రెబెకాబాయి కీర్తనలకు ఇంగ్లీషు మాటలు కూర్చింది. బాణీ మాత్రం మార్చలేదు. అది ఆమె నాన్న స్వయంగా కట్టినది, ఒకప్పుడు అక్కడ ప్రార్థన నడిపించింది ఆయనే. మాటలు మారినా ఆయన గొంతు ఆ గదిలో ఉండిపోవాలని ఆమె కోరిక. మరేమీ అడగలేదు.

శనివారం వాళ్లకు విశ్రాంతి దినం. వాద్యం వాయించడం కూడా పనే అంటారు కాబట్టి దేవసహాయం అనే క్రైస్తవుణ్ణి పెట్టుకున్నారు. పాపం పొరుగువాడి ఖాతాకు, పాట తమ ఖాతాకు. బేరం బాగానే ఉందనుకున్నాను. రెబెకాబాయి పక్కన కూర్చుని అతనికి బాణీ నేర్పింది.

"ఆడ జల్ది పోకు బిడ్డా. మా నాయిన ఆడ దమ్ము తీసుకునేటోడు" అనేది.

శనివారం నేర్చుకున్నదాన్ని దేవసహాయం ఆదివారం తన చర్చికి పట్టుకెళ్లి తెలుగు మాటలు తొడిగాడు. ఎవరు కట్టారని పాస్టరుగారు అడిగితే తల వంచుకుని నవ్వాడట. అందరూ అది వినయమనుకున్నారు.

ఏళ్లు గడిచాయి. రెబెకాబాయి నాన్న పాట విన్నవాళ్లంతా పోయారు. మందిరం కొత్త సెక్రటరీ ఆరోన్ ఒక పెళ్లికని ఆ చర్చికి వెళ్లి, అక్కడ మా బాణీ విని మండిపడుతూ వచ్చాడు. మన దేవుడికి ఇన్నాళ్లూ చర్చి నుంచి తెచ్చిన కిరాయి పాట పాడామా అన్నాడు. అది మా నాన్నదని రెబెకాబాయి ఎంత చెప్పినా, ముసలితనపు మరుపని కొట్టిపారేశారు. తేల్చడానికి దేవసహాయాన్ని పిలిచారు.

"నీకెవరు నేర్పిన్రో చెప్పు బిడ్డా" అంది ఆమె.

అతను ఆమె ముఖం చూడలేదు, నా మెట్ల వంక చూశాడు. అవి అతని వేళ్లకే అరిగాయి.

"మా చర్చిల పాడుతమమ్మా, ఎప్పటిసందో."

అబద్ధం కాదు. తక్కువ తూచిన నిజం.

"ఎప్పటిసందో కాదు. నువ్వు ఈడికొచ్చినప్పటిసంది" అంది రెబెకాబాయి.

బాణీని మానేశారు. చర్చి వాసన కొడుతున్నానని నన్ను ఆ చర్చికే ఇచ్చేశారు. ఇప్పుడు ఆదివారాలు దేవసహాయమే నన్ను వాయిస్తాడు. జనం ఆ పాటను దేవసహాయంగారి బాణీ అంటారు. ఊపిరి తీసుకునే చోట అతను ఆగడు, గబగబా దాటేస్తాడు.

ఒక ఆదివారం రెబెకాబాయి గొడుగు వేసుకుని కిటికీ బయట నిలబడింది. లోపలికి రాలేదు. సరిగ్గా ఆ చోటు దగ్గర దేవసహాయం ఆమెను చూశాడు. అతని కాళ్లు ఆగిపోయాయి, నా తిత్తిలో గాలి అయిపోయింది. పాడేవాళ్లు తెల్లబోయి ఆగారు. బయట ఆమె ఒక్కతే ఊపిరి తీసుకుని, మిగిలిన సగం చరణం హీబ్రూలో పాడి ముగించి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఇక లెక్క. నా ఇల్లు పోయింది, నమ్మిన చేతులు పోయాయి. ఏ పాటా లేకుండా బయలుదేరిన నేను, నా ఊపిరి కలవని సగం చరణం ఒకటి విన్నాను. అది ఎవరిదో ఎవరినీ అడగక్కర్లేదు. నాకు మిగిలింది అంతే.