నలభై అక్షరాల చిరునామా

మనాగ్వాలో చిరునామా చెప్పడానికి నలభై అక్షరాలు ఏ మూలకీ చాలవు. ఆ సంగతి ఊళ్లో పుట్టి పెరిగిన యామిలెత్‌కీ తెలుసు, ఆమె మొగుడు ఉలీసెస్‌కీ తెలుసు. అయినా ఏదో పరాయి దేశపు ఫారం చూసి, తమ వెబ్‌సైట్‌లో వీధి పేరూ ఇంటి నంబరూ పట్టేంత గడి పెట్టేశాడు మహానుభావుడు. వీధులకు పేర్లూ ఇళ్లకు నంబర్లూ ఉంటే కదా, అన్నీ కొండగుర్తులే!

1999 మే ముప్పై, అమ్మల పండగ, ఆదివారం. మయామీలో, హ్యూస్టన్‌లో ఉన్న పిల్లలు ఊళ్లోని తమ అమ్మల కోసం ఈ మొగుడూపెళ్లాల కొత్త వెబ్‌సైట్‌లో ఆర్డరిచ్చిన అరవై మూడు కేకులు ముందుగదిలో ఐసు మధ్య వరసగా ఉన్నాయి. ఉలీసెస్ చిరునామాలు అచ్చుతీసి, మొదటిది చూసి కుర్చీలో కూలబడ్డాడు. ‘పాత సినిమాహాలు ఉండిన చోటు నుంచి సరస్సు వై’ అని ఉంది, అంతే. మిగతావీ అలాగే తెగిపోయాయి.

"మనింటి చిరునామాతో పరీక్షించాం కదా, అది పట్టిందే!"

"చర్చి ఎదురుగా ఉన్న ఇల్లు పట్టక చస్తుందా! ఆర్డరిచ్చినవాళ్లకి మెయిలు పెట్టు."

"పెట్టాను. ఆదివారం ఎవడు చూస్తాడు యామీ? వాళ్లు మెయిలు చూసేది ఆఫీసులోనే."

అమ్మల పండగ కేకు మర్నాడు చేరితే ఎవరికీ అక్కర్లేదు. ఈ అరవై మూడు మందీ మళ్లీ నమ్మరు, వాళ్ల మాట విని ఇంకెవరూ రారు. ఆమె బడిలో ఉద్యోగం మానుకుని రెండేళ్లుగా కట్టుకొస్తున్న కంపెనీ ఈ ఒక్కరోజుతో మూతపడేలా ఉంది.

యామిలెత్‌కి ఒక్క మనిషే తోచాడు. పక్కింటి ఫెర్మీన్ గారు, అందరి నోటా దోన్ ఫెర్మీన్, ముప్పై ఒక్కేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్. కానీ వెళ్లడానికి మొహం చెల్లలేదు. మొన్న క్రిస్మస్‌కి ఆయన ఎదుటే, ఇక ఉత్తరాల పని అయిపోయినట్టేనని గొప్పలు పోయింది మరి. అయినా వెళ్లింది.

ఆయన పొద్దుటి బీన్స్ అన్నం తింటూ కాగితాలు అందుకున్నాడు. "ఏమ్మాయ్, ఇంటర్నెట్టు దారి తప్పిందా?"

"తిట్టండి దోన్ ఫెర్మీన్. తిడుతూనే చూడండి, మీకు దణ్ణం పెడతాను."

"చిరునామా ఎవడిక్కావాలి, ఇదిగో పట్టు, పేర్లు చదువు. మెలానియా ఉర్బీనానా? ఆకుపచ్చ గేటు. కుక్క కరుస్తుంది, నువ్వే ముందు దిగు. తర్వాత?"

యాభై ఒక్క ఇళ్లు ఆయనకు నోటికొచ్చు. మిగతా పన్నెండుకీ పాత పోస్ట్‌మన్లకు ఫోన్లు చేసి, పండగపూట వాళ్లని భోజనాల దగ్గర్నుంచి లేపాడు. యామిలెత్, ఉలీసెస్, ఆయన, ముగ్గురూ ఒకే పికప్ బండెక్కారు. సాయంత్రం అయిదయ్యేసరికి ఒక్క కేకు మిగిలింది, దోన్యా ఎర్నెస్తీనా పావోన్ అమ్మగారిది. ఆ సందు మొదట్లోనే దోన్ ఫెర్మీన్ బండి ఆపించాడు.

"ఈవిడ కొడుకు దేశం వదిలి వెళ్లిన ఏడాదికే ఉత్తరాలు మానేశాడు. ఈవిడ రోజూ గుమ్మంలో నిలబడి, నాకేమైనా ఉందా అని అడిగేది. రేపు దోన్యా, అనేవాణ్ణి. అలా నాలుగేళ్లు. ఇక ఆ మొహం చూడలేక చుట్టుదారిన పోవడం మొదలెట్టాను." చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు. నేను పట్టుకెళ్తాను."

తలుపు తీసిన ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏం ఫెర్మీన్, ఇవాళ కూడా రేపేనా?"

"కాదు దోన్యా. ఇవాళే."

ఆవిడ డబ్బా మీది చీటీని కళ్లకి దగ్గరగా పెట్టుకుని కొడుకు పేరు రెండుసార్లు చదువుకుంది. తర్వాత చాకు తెచ్చి, గుమ్మంలోనే కేకు కోసి, మొదటి ముక్క ఆయన చేతిలో పెట్టింది.

పొద్దుట్నుంచీ యామిలెత్ గుండె కృతజ్ఞతతో నిండిపోయి ఉంది. ఆయన బండి దగ్గరికి రాగానే, "దోన్ ఫెర్మీన్, మీ రుణం..." అని మొదలెట్టింది.

"ఊరుకోమ్మా. నీ పుణ్యమా అని ఇన్నేళ్లకి ఆ గుమ్మం తలెత్తుకుని ఎక్కాను," అన్నాడాయన.

యామిలెత్ క్రీము అంటిన ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.