లోపల వదిలిన గుడ్డ

మంగళవారం పొద్దున పదింటికి రాహేలు బ్రాండు కొరియర్‌లో వస్తుంది. తెల్లటి అట్టపెట్టెలో, పల్చటి కాగితం చుట్టి, నాలుగు మడతలు పెట్టి ఉంది. తీసి, దులిపి, నిలబెడితే అచ్చం రాహేలే. అదే ముఖం, అదే ముడి, మెడలో వేలాడే అదే టేపు. నడుం దగ్గర మాత్రం రెండంగుళాలు తక్కువ.

రాహేలు చీరాలలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతోంది. కొలత తప్పిన బట్ట ఆమడ దూరం నుంచే తెలిసిపోతుంది ఆమెకి. అయినా చేతులు దూర్చి తొడుక్కుంటుంది. వీపు దగ్గర హుక్కులు పడవు.

"గాలి బిగబట్టక్కా," అంటుంది వెనక నుంచి మీరాబీ. షాపులో హుక్కులూ కాజాలూ మీరాబీ పని. "ఇంకా బిగబట్టు. ఊహూ. ఇది నువ్వు కాదక్కా, నీ చెల్లెలు."

తప్పు ఎక్కడ జరిగిందో రాహేలుకి అప్పుడు తెలుస్తుంది. కొలతకని ఇచ్చే పాత జాకెట్టుని ఆది జాకెట్టు అంటారు. కస్టమర్లంతా తాము సన్నగా ఉన్నప్పటి ఆదే తెస్తారు, ఆమె వాళ్లని తిడుతుంది. తన బ్రాండు కొలతకి తానూ అలాంటిదే ఇచ్చి పంపింది.

బ్రాండు ఎందుకు అవసరమైందంటే, షాపు కనబడటం మానేసింది. బోర్డు మీద లేడీస్ టైలర్ అని తప్ప పేరు లేదు. ఎదురుగా అద్దాల షాపులు రెండు లేచాక జనం చూపు ఈ గుమ్మం మీద ఆగకుండా జారిపోవడం మొదలైంది. కిందటి నెల ఇద్దరు మనుషులు సందు అనుకుని నేరుగా షాపు గోడలోంచి నడిచి వెళ్లారు. ఒకతను సైకిలుతో సహా. సరిగ్గా ఆ సమయంలో హైదరాబాదు నుంచి నిశ్చల్ దిగాడు. అతను మనుషులకి బ్రాండ్లు తయారు చేయిస్తాడు. పేరూ కథా లేని మనిషిని ఈ రోజుల్లో ఎవరూ చూడలేరని చెప్పాడు. సైకిలు టైర్ల గుర్తులు నేల మీద ఇంకా ఉన్నాయి కాబట్టి రాహేలు కాదనలేకపోయింది.

మధ్యాహ్నం నిశ్చల్ వస్తాడు. పాతికేళ్లు దాటి ఉండవు. చేతులు ఒంటికి అంటించినట్టు పెట్టుకుని నడుస్తాడు. రాహేలు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు.

"బ్రాండు కరెక్టుగానే వచ్చింది మేడమ్. ఆల్టరేషన్ మీకు చెయ్యాలి."

ఇన్నేళ్లలో ఒక్క కస్టమరుతోనూ ఈ మాట అనే ధైర్యం చేయలేదు రాహేలు. అందుకే కాబోలు, ఆ మాట ఆమెకి కాస్త గొప్పగా తోస్తుంది. చేతులెత్తి నిలబడుతుంది.

నిశ్చల్ గుండుసూదులు తీస్తాడు. ముందు నవ్వు పట్టుకుంటాడు. రాహేలు నవ్వితే వీధి చివర టీకొట్టు దాకా వినబడుతుంది. దాన్ని మడిచి పక్కటెముకల కిందికి తోసి సూది గుచ్చుతాడు. తిట్లన్నీ పోగేసి మెడ వెనక మడత పెడతాడు. తర్వాత ఎడమచేతి బొటనవేలు. అది చిన్నప్పుడు తలుపు సందున నలిగి వంకర తిరిగింది. ఫొటోల్లో బాగుండదని దాన్ని సాగదీసి, నిటారుగా పెట్టి టాకా వేస్తాడు. నొప్పేమీ లేదు. ఎక్కడివక్కడ లోపలికి వెళ్లిపోతాయి, అంతే.

ఇప్పుడు హుక్కులు పడతాయి.

దేన్నీ కత్తిరించలేదనీ, గుడ్డంతా లోపలే ఉందనీ నిశ్చల్ ధైర్యం చెబుతాడు. శనివారం పదకొండు గంటలకి లాంచింగ్ అంటాడు. ఓవర్‌లాక్ అప్పుడే.

ఓవర్‌లాక్ అంటే ఏమిటో రాహేలుకి ఒకరు చెప్పనక్కర్లేదు. అంచున పోగులు రాకుండా మిషను కుట్టుకుంటూ పోతుంది, మిగిలిన గుడ్డని కోసుకుంటూ పోతుంది. తర్వాత ఎప్పుడైనా కుట్లు విప్పి వదులు చేద్దామంటే లోపల ఏమీ ఉండదు. ఆమె తన చేతి జాకెట్టు దేనికీ అది చేయించదు. కాన్పులవుతాయి, జబ్బులు చేస్తాయి, ఒళ్లు వస్తుంది, పోతుంది, ఎవరికైనా లోపల రెండంగుళాలు ఉండాలి అంటుంది.

ఆ మాటే ఇప్పుడు అనబోతుంది. గొంతులోంచి వేరే వాక్యం వస్తుంది.

"ప్రతి స్త్రీ ఒక వేడుక," అంటుంది రాహేలు.

మీరాబీ సూది కింద పెట్టి ఆమె వైపు తేరిపార చూస్తుంది.

బుధవారం రెండో పెట్టె వస్తుంది. అందులో అమ్మమ్మ ఉంది. రాహేలుని వెన్నెల్లో కూర్చోబెట్టి కుట్టుపని నేర్పిన అమ్మమ్మ అని పెట్టె మీద అచ్చు వేసి ఉంది.

నిజానికి రాహేలు కుట్టు నేర్చుకున్నది కోపంతో. పెళ్లి జాకెట్టుని ఒక టైలరు పాడు చేసి, వేసుకుంటూ ఉంటే అదే అలవాటైపోతుంది లెమ్మన్నాడు. ఆమె ఆ జాకెట్టుని పోగు పోగూ విప్పి, తప్పు ఎక్కడుందో పట్టుకుని, తిరిగి కుట్టి, అదే తొడుక్కుని అతని కొట్టు ముందు సాయంత్రం దాకా నిలబడింది. అదీ కథ. ఆ కథ బ్రాండులో పట్టదని నిశ్చల్ ముందే చెప్పాడు. కోపం మరకలాంటిదట, తెల్లబట్ట మీద మొదట అదే కనబడుతుందట.

అమ్మమ్మని స్టూలు మీద కూర్చోబెడతారు. మీరాబీ ఆమె చేతిలో సూదీ దారమూ పెట్టి చూస్తుంది.

"ఇది మా నాలుగు తరాల మక్కువ," అంటుంది అమ్మమ్మ.

"సరే, ఎక్కించు మరి."

"నాలుగు తరాల మక్కువ."

"పోనీ టీ అన్నా తాగుద్దా ఈమె?" అని మీరాబీ రాహేలుని అడుగుతుంది.

షాపు మాత్రం కనబడుతోంది. రైల్వే స్టేషన్లో దిగినవాళ్లకి అక్కడి నుంచే, మధ్యలో ఎన్ని మేడలున్నా, కనబడుతోంది. జనం బయట నిలబడి ఫొటోలు తీసుకుంటారు. కనబడనిది ఇప్పుడు రాహేలే. అద్దంలో చూసుకుంటే గాలిలో వేలాడుతూ ఒక టేపు ఉంటుంది.

గురువారం లీలావతి జాకెట్టు ముక్క తెస్తుంది. పోస్టాఫీసులో పని చేస్తుంది ఆవిడ, తలుపు తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఎడమ భుజం కుడి భుజం కంటే వేలెడు కిందికి ఉంటుంది. పదేళ్లుగా రాహేలు ఆమె జాకెట్లలో ఎడమ భుజం కింద ఒక మడత గుడ్డ దాచి కుడుతోంది. దానికి టేపు పనికిరాదు. రాహేలు వంకర బొటనవేలు ఆ భుజం పల్లంలో సరిగ్గా ఇముడుతుంది, అదే కొలత. ఈ సంగతి లీలావతికి ఏనాడూ చెప్పలేదు. తన భుజాలు త్రాసులా సమానమని లీలావతి నమ్మకం.

నిటారు వేలు ఆ పల్లంలో దిగదు. జాకెట్టు రెండు భుజాలూ సమానంగా, ఫొటోలో ఉన్నంత చక్కగా వస్తుంది.

శుక్రవారం లీలావతి అది తొడుక్కుని మెట్లు దిగుతుంది. ఎడమవైపుకి తిరుగుతుంది. ఇంకా తిరుగుతుంది. ఆ జాకెట్టులో తిన్నగా నడవడం కుదరదు. కరెంటు స్తంభం, మందుల షాపు, బోండాల బండి, మళ్లీ రాహేలు గుమ్మం. ఒక చుట్టుకి నాలుగు నిమిషాలు.

"ఏంది రాహేలక్కా," అంటూ లీలావతి గుమ్మం దాటిపోతుంది.

నాలుగు నిమిషాల తర్వాత వచ్చి, "నేనేం పాపం చేశానని," అంటుంది.

ఇంకో నాలుగు నిమిషాలకి, "ఇట్టా కుట్టావు నాకు?"

రాహేలు జవాబు చెప్పాలని నోరు తెరుస్తుంది. "ప్రతి స్త్రీ" అన్నంత వరకు వస్తుంది. పెదాలు గట్టిగా బిగించుకుంటుంది. విప్పి మళ్లీ కుడదామని చెయ్యి చాస్తే నిటారు వేలు గాజుకడ్డీలా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎంత నొక్కినా వంగదు. ఇరవై రెండేళ్ల పని ఆ వేలిలో ఉంది. రేపు పదకొండింటికి మిషను కోసేదాంట్లో అదీ ఒకటి.

శనివారం పదిన్నరకి ఓవర్‌లాక్ మిషను ట్రాక్టరు మీద వస్తుంది. డాబా ఇల్లంత మిషను, నీళ్ల ట్యాంకులంత దారపు ఉండలు నాలుగు. వీధి నిండా జనం. పోస్టాఫీసు ముందు క్యూ నిన్నటి నుంచి అలాగే ఉంది, తాళాలు మాత్రం కరెంటు స్తంభం చుట్టూ తిరుగుతున్నాయి.

నిశ్చల్ రాహేలుని పక్కకి తిప్పి నిలబెడతాడు. ఆమె పక్క కుట్టు మిషను పాదం కిందికి రావాలి. చెయ్యి పైకెత్తమంటాడు. ఎలాగో చూపించబోతాడు గానీ, అతని చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోతుంది.

రాహేలు ఏ బట్ట చూసినా లోపలి కుట్టు తిప్పి చూడకుండా ఉండలేదు. అతని పక్క పట్టుకుని తిప్పుతుంది. సన్నగా, అందంగా, అంచు దాకా కోసేసిన ఓవర్‌లాక్. లోపల నూలుపోగంత గుడ్డ కూడా వదల్లేదు.

"నాకు ఇరవై రెండో ఏటే చేసేశారు మేడమ్," అంటాడు నిశ్చల్ గొంతు తగ్గించి. "చేతులు పైకి లేవవు. అలవాటైపోతుంది."

పది యాభై అయిదు. ఆ చివరి మాట పెళ్లి జాకెట్టు పాడు చేసిన టైలరు గొంతుతో రాహేలు చెవిలో పడుతుంది. ఆమె వెనక్కి చెయ్యి చాపుతుంది. మీరాబీ అడక్కుండానే సగం బ్లేడు అందులో పెడుతుంది.

రాహేలు చంక దగ్గర మొదలుపెట్టి నడుం దాకా తన కుట్టు తానే విప్పుకుంటుంది. ముందు మెడ వెనక నుంచి తిట్లు దిగుతాయి. మొత్తం పదకొండు. మూడు నిశ్చల్‌కి, మూడు మిషనుకి, మిగతా అయిదూ తనకి. తర్వాత నవ్వు బయటపడుతుంది, టీకొట్టులో గ్లాసులు ఒకదానికొకటి తగులుతాయి. బొటనవేలు టక్కున వంకర తిరుగుతుంది. పాత జాకెట్టు విప్పితే లోపలి గుడ్డ రంగు వెలవకుండా ఉంటుంది కదా. అలాగే ఆమె రెండు పక్కలా రెండంగుళాల మేర, ఎండ తగలని రాహేలు ముదురు రంగులో కొత్తగా ఉంటుంది.

బ్రాండు కాళ్ల దగ్గర కుప్పగా పడుతుంది. అమ్మమ్మ స్టూలు దిగి, దాన్ని నాలుగు మడతలు పెట్టి, చంకలో ఇరికించుకుని, ట్రాక్టరు ఎక్కి కూర్చుంటుంది.

పదకొండవుతోందని నిశ్చల్ గుర్తు చేస్తాడు.

"అవనీ," అంటుంది రాహేలు. "నా అంచున పోగులొస్తే రానీ. కొట్టు కనపడకపోతే జనం తడుముకుంటా వస్తారు. నేను కుట్టింది ఏసుకున్న మనిషి తిన్నగా నడవాల. అది చేతగాని రోజున నా పేరు ఎంత పెద్దగా రాసినా అది నాది కాదు."

సూది తీసుకుని లీలావతి పక్కన నడుస్తుంది. ఒక చుట్టులో కుట్టు విప్పుతుంది, బొటనవేలు పల్లంలో ఆనించి రెండో చుట్టులో మడత గుడ్డ పెడుతుంది, మూడో చుట్టులో కుడుతుంది. కరెంటు స్తంభం దగ్గర లీలావతి తిరగదు. తిన్నగా రెండడుగులు వేసి ఆగుతుంది.

"దేనిదక్కా తప్పు?"

"దారందే."

"దారందా," అని లీలావతి దారాన్ని తిట్టుకుంటూ, ముక్కు సూటిగా పోస్టాఫీసుకి వెళుతుంది. క్యూ మొత్తం ఆమెకి దారి ఇస్తుంది.

ఈలోగా పదకొండు కొడుతుంది, మిషను ఎవరి కోసమూ ఆగదు. వేరే అంచు దొరక్క ట్రాక్టరు నీడని చుట్టూ కుట్టి, మిగిలిన నీడని కోసి పారేసి, వెళ్లిపోతుంది.

నిశ్చల్ వెళ్లడు. జనం పలచబడే దాకా మెట్టు మీద నిలబడి ఉంటాడు.

"నాకు విప్పడం కుదరదా అక్కా?"

రాహేలు అతని పక్క మరోసారి వేళ్లతో తడుముతుంది. "లోపలేం లేదయ్యా. అతుకెయ్యాల. అతుకంటే కనపడుద్ది మరి."

అతను ఎదురుగా ఉన్న అద్దాల షాపులో తన రూపం చూసుకుంటాడు.

"కనపడనీ," అంటాడు.

అతనికి సరిపడే గుడ్డ షాపులో లేదు. గుమ్మంలో పన్నెండింటి ఎండ పరిచి ఉంది. రాహేలు దాని మీద సుద్దతో గీసి, నాలుగంగుళాల వెడల్పున, మూర పొడవున కత్తిరిస్తుంది. రెండు పక్కలా ధారాళంగా వదిలి కుడుతుంది. నిశ్చల్ చేతులు మెల్లగా భుజాలు దాటుతాయి, చెవులు దాటుతాయి, తలపైకి చేరతాయి. వాటిని ఎలా దించాలో తెలియక అతను అలాగే ఉంచుకుంటాడు.

ఎండ కత్తిరించిన చోట నీళ్ల చప్పుడు వినబడుతుంది. ఆ సందులోంచి ఒక వంజరం చేప తల బయటపెట్టి, అటూ ఇటూ చూసి, గుమ్మం లోపలికి వస్తుంది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. వరస వాడరేవు సముద్రం దాకా ఉంది. ఒక్కటీ తోసుకోవడం లేదు. ప్రతిదాని నోట్లోనూ తడి జాకెట్టు ముక్క ఉంది. మీరాబీ కళ్లజోడు సర్దుకుంటుంది. మొదటి వంజరం తన ముక్కని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, కొలతకని ఎడమ రెక్క ఎత్తి నిలబడుతుంది.