నడిరోడ్డు మీద మెరుగు

అరగదీసే కాగితం మార్చే ముందు మల్లేశం చేతులు కడుక్కున్నాడు. గరుకు కాగితం మీది రేణువు ఒక్కటి వేలికి అంటుకుని నున్నకాగితం మీదికి వచ్చినా పొద్దుటి నుంచి చేసిన పనంతా గీతల పాలవుతుంది. చెంబు వంచి, గోళ్ల సందులు కూడా రుద్దుకుని, చేతులు గాలికి ఆరబెట్టి మళ్లీ అద్దం పలక ముందు కూర్చున్నాడు. రోజూ కాలేజీ ప్రయోగశాలలో మూల బల్ల దగ్గర చేసే పనే. ఇవాళ మాత్రం ఎల్బీనగర్ చౌరస్తా నడిమధ్యన, బస్సులు నడవాల్సిన చోట, చాప పరిచి చేస్తున్నాడు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. ఎవరి పని వాళ్లు రోడ్డు మీదే చేసి చూపాలని ఆ రోజు నిర్ణయం. ఒకాయన గడ్డాలు గీస్తున్నాడు, ఒకాయన కుమ్మరి సారె తిప్పుతున్నాడు, ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి వండుతున్నారు. మల్లేశం బొటనవేలి గోరంత గాజుముక్కకు మెరుగు పెడుతున్నాడు.

ఉపాయం యోగేందర్‌ది. అదే కాలేజీలో అటెండరు, సమ్మెకు నాయకుడు. పొద్దున గేటు దగ్గర మల్లేశాన్నీ, పరిశోధన చేసే మృదులనూ పట్టుకున్నాడు. లోపలికెళ్లి పనిచేస్తే ద్రోహమన్నాడు. సాయంత్రానికి ఇది పూర్తి చేసిస్తానని మాటిచ్చానన్నాడు మల్లేశం. యోగేందర్ చాలాసేపు గడ్డం గోక్కుని, అదే పని రోడ్డు మీద చేస్తే సమ్మె కిందికే వస్తుందని తేల్చాడు. మృదులకు మాత్రం ఒక షరతు పెట్టాడు.

“అక్కా, నువ్ పక్కన కూసో, గని జర నోరు తెరవకు. నీ యాసకు గీడ ఎవడన్న లొల్లి పెడితే నేనేం చేయలేను.”

కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన ఇల్లు ఆమెది. మాట్లాడకుండా ఉండటం పరిశోధన కంటే కష్టమని ఆమెకు ఆ పూటే తెలిసింది.

ఆ ముక్క బిస్మత్ అనే లోహం చిటికెడు కలిపి కరిగించిన గాజు. ముందు పోసినవన్నీ కరెంటు కొలిమి వేడి ఎక్కువై బొగ్గులా నల్లబడ్డాయి. ఇదొక్కటే పండిన రేగుపండు రంగు తేలింది. బొగ్గుగనుల సమ్మెతో కరెంటు లేదు కనుక ఇంకోటి పోసే దారి లేదు. సాయంత్రం బంధువుల కారులో మృదుల దీన్ని బెంగళూరు తీసుకెళ్లాలి. అక్కడి పరీక్ష యంత్రం మీద ఆమె వంతు రేపే. అది తప్పితే మళ్లీ వంతు వచ్చేసరికి స్కాలర్‌షిప్పు ఉండదు.

ఈ గాజు మీద ఒక వెలుగు పడితే గాజే ఇంకో వెలుగు ఇస్తుందని, అది ఎరుపుకు అవతలిదని, కంటికి ఆనదని మృదుల ఎప్పుడో చెప్పింది. కనపడని దానికి ఇంత మెరుగెందుకని మల్లేశం అడిగాడు. గాజు ముఖం నున్నగా లేకపోతే వెలుగు చెదిరిపోతుందంది. యంత్రానికి కనపడుతుందంది. యంత్రం మాటెత్తితే ఆయన నవ్వుకున్నాడు. ఆధార్ వాళ్ల యంత్రం ఆయన వేళ్లను ఎన్నిసార్లు పెట్టినా ఒప్పుకోలేదు మరి. తమ అల్మాస్‌గూడలో ఇంకా జొన్నచేలున్న రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ కళ్లజోళ్ల కొట్లో చేరి అద్దాలు అరగదీయడం మొదలుపెట్టాడు. అద్దాలతో పాటు వేలిముద్రలూ అరిగాయి. ప్లాస్టిక్ అద్దాలొచ్చి కొట్టు వద్దంటే కాలేజీ రమ్మంది.

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూ ఆయన భార్య పూలమ్మ పక్కామెతో చెబుతోంది.

“ఇంట్ల చెంచా తోమమంటే తోమడు. ఈడ నడిరోడ్డు మీద రాయి తోముతుండు.”

మల్లేశం తలెత్తలేదు. వేలి కింద గాజు ఎనిమిది అంకె చుడుతోంది. ఒకే దిక్కు రుద్దితే ఒక పక్కే అరుగుతుంది. నీళ్లలో కలిపిన మెరుగుపొడి ఉద్యమ జెండాలాగే గులాబీ రంగుది కావడం యోగేందర్‌కు ఎంతో నచ్చింది. చుట్టుకూ చుట్టుకూ మధ్య మల్లేశం ఒళ్లోని గుడ్డతో గాజు ముఖం తుడిచి చూస్తున్నాడు. పూలమ్మ పాత నేతచీర ముక్క అది. ఉతికి ఉతికి వెన్నలా అయిన గుడ్డ తప్ప ఇంకేదీ గాజుకు తగలనివ్వడు. నేలకు తగిలిందంటే ఆ గుడ్డ ఇక పారేసినట్టే.

ఎండ మీదికొచ్చింది. ఎడమ భుజం పీకుతోందని ఒకసారి ఆగాడు. పూలమ్మ మజ్జిగ తెచ్చింది. గాలి పట్టిందంతేనన్నాడు. ఒక ముఖం అయింది, రెండోది మిగిలింది. రింగురోడ్డు వైపు పోలీసు వ్యాన్లు వచ్చి నిలబడ్డాయి. వ్యానులోకి ఎత్తేస్తే గాజు ఎక్కడ పడుతుందోనని మృదుల మందుల డబ్బా మూత తీసి పట్టుకుని కూర్చుంది. తొందరపెట్టడానికి నోరు లేదు. తొందరపెడితే గీత పడుతుంది.

ఈల మోగింది. లాఠీలు కదిలాయి. జనం లేచారు. యోగేందర్ మల్లేశమన్నా లే అని కేకేశాడు. మల్లేశం లేవలేదు. వేలు గాజు మీదే ఉంది, తల పలక మీదికి వంగి ఉంది. కానిస్టేబులొకడు భుజం తట్టి చూశాడు. కదలలేదు.

“చూడుండ్రి, అన్న లేస్తలేడు,” అన్నాడు యోగేందర్ జనం వైపు తిరిగి.

లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. మల్లేశమన్న జిందాబాద్ అన్నారు. అన్నేళ్లలో ఆయన పేరు అంత గట్టిగా ఎవరూ పిలవలేదు. ఆ గోలలో పూలమ్మ ఒక్కతే గరిటె వదిలేసి వచ్చింది. చీరముక్క దుమ్ములో పడి ఉంది. ఆయన దాన్ని తీసుకోలేదు.

ఆమె పక్కన కూర్చుని ఆయన వేలిని గాజు మీద నుంచి మెల్లగా ఎత్తింది. వదిలితే చెయ్యి వాలిపోయింది.

“ముందు ఆస్పత్రికి తీసుకెళ్దామండీ,” అంది మృదుల. ఆ యాస మీద ఎవరూ ఏమీ అనలేదు. లాగేయడానికి వచ్చిన కానిస్టేబుళ్లే ఆయన్ను ఎత్తి వ్యానులో పడుకోబెట్టారు. వెంట మృదుల కూడా వ్యాను మెట్టెక్కింది. పూలమ్మ అడ్డం నిలబడి, కొంగు లోపలి అంచుతో గాజు తుడిచి, ఆయన చూసినట్టే ఎండకు పట్టి చూసి, మృదుల చేతిలోని డబ్బాలో వేసింది.

“నువ్వు దిగు బిడ్డా. ఆయన చెయ్యి ఆగిందంటే పనైనట్టే. గిది తీస్కపోకపోతే పొద్దుటిసంది ఆయన చేసిందేంది?”

మృదుల దిగింది. పూలమ్మ ఎక్కింది.

వ్యాను వెళ్లాక ఆ చాపను ఎవరూ తొక్కలేదు. దాని మీద అద్దం పలక, పలక మీద గులాబీ పొడినీళ్లతో ఒక ఎనిమిది, కింది చుట్టు పూర్తి కాకుండానే, ఎండకు అంచుల నుంచి ఆరుతూ ఉంది.