గానుగ అడుగు నూనె

కూర్మమ్మ పోయిన రోజున నరసన్నపేట దగ్గరి ఆ పల్లెలో గానుగ తిరగలేదు. ఎద్దును విప్పి నీడకు కట్టింది ఆమె చెల్లెలు అసిరమ్మ. గానుగ ఆడించే దాలయ్య, తన భార్య కూర్మమ్మ పాదాల దగ్గర కూర్చుని, వాటి వాపునే చూస్తూ ఉండిపోయాడు.

వాపు మొదలైనప్పుడు ఆమె నవ్వింది. "సూడయ్యా, షావుకారు పెళ్లాంలాగ ఒళ్లు సేసినాను," అంది. తరువాత ఆయాసం వచ్చింది. నవ్వడానికి ఊపిరి చాలలేదు.

ఆ ఊళ్లో కూరల్లోకి ఆవనూనె వాడతారు. ఎవరి ఆవాలు వారు తెచ్చి ఆడించుకుంటారు. గానుగ అడుగున మిగిలిన నూనె ఆడించినవాడికి కూలి. అందుచేత ఊరందరి నూనె దాలయ్య ఇంటి కుండలో కలిసేది. పందొమ్మిదివందల అరవై ఎనిమిదిలో వానలు లేక పైరు పలచబడింది. చేలల్లో బ్రహ్మదండి ముళ్లమొక్కలు బలిశాయి. వాటి గింజ విషం, చూడడానికి మాత్రం ఆవగింజలాగే ఉంటుంది. కళ్లంలో రెండూ కలిసిపోయాయి. ఇంటింటికీ కొద్దికొద్దిగా చేరిన విషం, దాలయ్య ఇంటికి అన్ని ఇళ్ల వాటా నుంచీ చేరింది.

ఆస్పత్రి డాక్టరు నరసింగరావుకు నూనె మీద అనుమానం కలిగింది. ఒక సీసా నింపి దూరపు నగరంలోని ప్రయోగశాలకు పంపాడు. జవాబు రాకుండా నూనె మానమంటే గానుగవాడి బతుకు పోతుందని సంకోచించాడు. ఈ కథలో దుర్మార్గులెవరూ లేరని పాఠకులు గమనించాలి.

జవాబు రాకముందే పెద్దకర్మ వచ్చింది. ఆ నాటి వంకాయ కూరను అదే నూనెతో వండారు. అసిరమ్మ అందరికీ వడ్డించి, చివరికి తనూ తింది. కొన్నాళ్లకు ఆమె కాళ్లూ వాచాయి. నూనెలో బ్రహ్మదండి ఉందన్న కబురు ఆ తరువాత వచ్చింది.

నరసింగరావు పట్టుబట్టగా శ్రీకాకుళంలో డాక్టర్లు, ప్రయోగశాలల రసాయనజ్ఞులు, కళాశాల అధ్యాపకులు ఒకచోట కలిశారు. కుండలో మిగిలిన నూనెతో దాలయ్య కూడా వెళ్లాడు. రసాయనశాస్త్రం చెప్పే పద్మకుమారి ఆ నూనెను గాజుగొట్టంలో పోసి, నత్రికామ్లం కలిపి కుదిపింది. అడుగుకు దిగిన ఆమ్లం ఎర్రబడింది, అంటే బ్రహ్మదండి ఉన్నట్టే. ఎద్దు గానుగ చుట్టూ నాలుగు చుట్లు తిరిగేంత సేపు కూడా పట్టలేదు.

"ఇది మీకు ముందే తెలుసా అమ్మా?" అని అడిగాడు దాలయ్య.

"ఏటేటా మా విద్యార్థుల చేత చేయిస్తూనే ఉన్నాం," అంది ఆమె. ఆ మాట అన్నాక తల ఎత్తలేకపోయింది.

"మరి మాకేటి సెప్పలేదు?"

ఆ సభకు అధ్యక్షుడైన గణపతిరావు లేచాడు. ఆయన నూనె పరీక్షల్లోనే జీవితం గడిపిన పెద్దమనిషి.

"జబ్బు డాక్టరుకు తెలుసు. పరీక్ష మనకు తెలుసు. ఒకరినొకరం అడగలేదు," అన్నాడు. "ఎవరి సంఘం వారిది. ఏటా కూడుతాం, మన వ్యాసాలు మనమే విని, భోంచేసి వెళ్లిపోతాం. ఈ పద్ధతి ఆస్పత్రికి తెలిసి ఉంటే ఆ పెద్దకర్మ వంట ఆగేది. బహుశా ఆ పెద్దకర్మే అవసరం అయ్యేది కాదు. తెలిసిన పద్ధతిని పక్కవాడికి చెప్పకపోతే, అది లోకంలో లేనట్టే."

ప్రతి ఆస్పత్రికీ, గానుగలున్న ప్రతి ఊరికీ మనుషులను పంపి పరీక్ష నేర్పాలని ఆ రోజే తీర్మానించారు. అందరూ చేతులెత్తారు.

అసిరమ్మ బతికింది. బిందె ఎత్తితే మాత్రం ఆయాసం. మరుసటి ఏడు ఆవాలు కళ్లానికి వచ్చినప్పుడు ఆమె దాలయ్యను అడిగింది: "బావా, ఎద్దును కట్టవేటి?"

"ఆ పరీక్షోలొచ్చి సూడాల గదే," అన్నాడు దాలయ్య.

గానుగ కడిగి ఉంది. గుమ్మంలో ఆవాల బస్తాలు ఉన్నాయి. పరీక్ష నేర్పడానికి ఆ ఊరికి ఇంకా ఎవరూ రాలేదు.