చెల్లని కాగితం

జమ్మలమడుగులో తబితా వాళ్ల సంఘ పెద్దలకు కోర్టులంటే చిన్నచూపు. ఎంత తగువైనా స్టాంపు కాగితం తెప్పించి, ఇద్దరి చేతా బైబిలు మీద చేయి పెట్టించి, సంతకాలు చేయించి, టీ తాగి లేచి వెళ్లిపోతారు. ఐదేళ్ల కిందట తబితా కాపురాన్నీ అలాగే తెంచారు. రెండేళ్ల కూతురు రూతుకు చెవులు సరిగా వినబడవని తేలిన నెలలోనే మొగుడు కిరణ్ సొంతూరు పులివెందులకు వెళ్లిపోయాడు. పిల్ల మీద తనకు ఏ హక్కూ వద్దని అతను రాసిచ్చాడు. పిల్ల పోషణకు రూపాయి కూడా అడగనని ఆమె రాసిచ్చింది. సరికి సరి అనుకున్నారు ఆ మహానుభావులు.

తబితా ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద పెట్టుకుంది. ఏడుపు ఆపలేదని పసిపిల్లను మిట్టమధ్యాహ్నం మిద్దె మీద వదిలి తలుపు గడియ వేసిన మనిషి కిరణ్. వాడు ఇక రాడన్న ధైర్యం ఆమెకు ఆ కాగితమే ఇచ్చింది.

రూతుకు ఏడేళ్లొచ్చాయి. చెవి మిషన్లు పాతబడి మూగబోయాయి. తబితా రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు బట్టల అంగడికి పోయి సంపాదించేది తిండికే చాలదు. చివరికి వకీలు అబ్దుల్ సలాం దగ్గరికి బయల్దేరింది.

తండ్రి దేవపాలు ఆమెను ఇంటి గుమ్మంలోనే ఆపాడు. "బైబిలు మీద ఒట్టేసి ఇప్పుడు కోర్టుకు పోతాండావా తల్లీ?"

సలాం మాత్రం కాగితం చదివి నవ్వాడు. "ఇది చెల్లదమ్మా. పోషణ పిల్ల హక్కు. నువ్వు వద్దని రాసిస్తే పోయేది గాదు, ఆయప్ప వద్దనుకుంటే తీరేది గాదు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో మిగతా సగం అడగడం మరిచిపోయింది.

తీర్పు రోజున రూతును కూడా వెంటబెట్టుకుని వెళ్లింది. నెలనెలా మనోవర్తి ఇవ్వాలని కిరణ్‌ను కోర్టు ఆదేశించింది. వరండాలోకి వచ్చేసరికి అతను ఎదురొచ్చాడు. అరుస్తాడనుకుంది. నవ్వుతున్నాడు.

"కాగితం చెల్లదంటివి గదా. నిజమేనంట, నేనూ కనుక్కున్యా. దుడ్లు ఇస్తాలే. కానీ అది చెల్లకపోతే పాప నాకూ బిడ్డే గదా? ఆదివారం వచ్చి పులివెందులకు పిల్చకపోతా. పంపకపోతే నేనూ కేసేస్తా."

తబితా సలాం వైపు తిరిగింది. వాడికి ఏ హక్కూ లేదని ఆయన ఒక్క మాట అంటే చాలు.

"కేసేసుకోనీమ్మా, కొట్లాడదాం. పాపకు ఏది మేలో అదే చూస్తారు జడ్జిగారు," అన్నాడు సలాం.

"మనోవర్తి వద్దని నేనే వెనక్కి తీసుకుంటే?"

"తీసుకున్యా ఆ కాగితానికి పానం రాదమ్మా. అది రాసిన్నాడే చచ్చింది."

ఐదేళ్లుగా తబితా వాడికి ఏ అడ్డూ లేని ఇంట్లో బిడ్డను పక్కన పెట్టుకుని హాయిగా నిద్రపోయిందన్న మాట. వాడికి తెలియకపోబట్టి సరిపోయింది. ఇప్పుడు తనే కోర్టుకీడ్చి మరీ తెలియజెప్పింది.

కిరణ్ వంగి పిల్ల గడ్డం పట్టుకున్నాడు. రూతు వెనక్కి జరిగి తల్లి చెంగు పట్టుకుంది. వినబడని పిల్లలందరిలాగే దానిదీ పెద్ద గొంతు.

"అమ్మా, ఎవురీయప్ప?"

వరండాలో వాళ్లంతా తిరిగి చూశారు. మీ నాయన చచ్చిపోయినాడని ఆ పిల్లకు ఇన్నాళ్లూ చెప్పింది తబితాయే. ఇప్పుడు అబద్ధమాడడానికి చోటు లేదు. చేతిలో తీర్పు ఉంది, ఎదురుగా మనిషి ఉన్నాడు.

"మీ నాయన," అంది, పెదవి దాటీ దాటని గొంతుతో.

"ఆఁ? వినపళ్యా మా," అంది రూతు.

తబితా వంగి, దాని చెవి దగ్గర నోరు పెట్టి, అందరికీ వినబడేలా అరిచి చెప్పింది.