బాగా తగ్గావు

"ఇవాళ్టిది ఇంకా రాలేదే?" అని భోజనాల బల్ల దగ్గర్నుంచి భర్త కేకేసే వేళకి ఆమె బాత్రూమ్‌లో మోకాళ్ల మీద కూర్చుని గచ్చు రుద్దుతోంది. రాలేదే అంటే పేపరు కాదు, పాలు కాదు. ఆమె బరువు.

"వస్తున్నా" అంటూ బరువు చూసే గాజుపలకని గోడవారకి జరిపి, దాని కింద చేరిన వెంట్రుకలూ సబ్బు జిడ్డూ తుడుస్తుంటే తడిచెయ్యి దానిమీద ఆనింది. బయట ఫోను టింగుమంది. "మూడు కిలోలా! ఏంటోయ్, గాలికి ఎగిరిపోతావా?" అని అతను పగలబడి నవ్వాడు. అత్తగారూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే సరదా తెలియని మనిషంటారు. చేతులు కడుక్కుని, పాదాలు తుడుచుకుని, పలక ఎక్కి నిలబడింది. ఫోను మళ్ళీ టింగుమంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. "మళ్ళీ తగ్గావ్! శభాష్" అన్నాడతను.

ఆ యంత్రాన్ని ఆమె పుట్టినరోజుకి అతనే కొన్నాడు. చెప్పుల్లేకుండా ఎక్కి నిలబడితే చాలు, పాదాల గుండా మనకి తెలియనంత సన్నటి కరెంటు పంపి, ఒంట్లో కొవ్వెంత, కండెంత, నీళ్ళెంత, ఎముకెంత అని లెక్కకడుతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా చెబుతుంది. ఆఖర్న శరీర వయసు అని ఒక అంకె పడేస్తుంది. మొదటిరోజున ఆమె అసలు వయసుకి తొమ్మిదేళ్లు కలిపింది. యాప్ అతని ఫోనులోనే పెట్టాడు. "నీది పాత ఫోను, పట్టదులే" అన్నాడు. అందులో 'మన ఇల్లు' అని ఒక గ్రూపు తయారుచేసి అత్తగారినీ, వేరే ఊళ్ళో ఉంటున్న ఆడపడుచునీ చేర్చాడు. రోజూ పొద్దున ఆమె కొవ్వు ఎంతో ముగ్గురికీ ఒకేసారి తెలుస్తుంది. ఆమెకి మాత్రం వాళ్ళలో ఎవరో ఒకరు చెబితే తెలుస్తుంది.

అతను చెడ్డవాడు కాదు. సిమెంటు కంపెనీలో అమ్మకాలు చూస్తాడు. గ్రాఫులో గీత పైకి పాకితే సంతోషం, కిందికి జారితే దిగులు. భార్య విషయంలో మాత్రం తలకిందులు. "నీ మంచికే కదోయ్" అంటాడు. నిజంగానే అలా అనుకుంటాడు కూడా. ఆ చిక్కుముడిని ఎక్కణ్ణుంచి విప్పాలో ఆమెకి తెలియదు. తిట్టే మనిషినైతే తిరిగి ఒక మాట అనొచ్చు. మంచి కోరే మనిషిని ఏమంటుంది? అత్తగారు దాన్ని ఒక్కసారే ఎక్కారు. అది ఆవిడ వయసుకి పదేళ్లు కలిపి చూపించేసరికి "దీని మొహం! అబద్ధాల పెట్టె" అని దిగిపోయి మళ్ళీ దాని జోలికి పోలేదు. కోడలి విషయంలో మాత్రం ఆ అబద్ధాల పెట్టె ఎంతంటే అంతే. ఇక అతని పేరు పక్కన గడి మొదటినుంచీ ఖాళీ. "నా సంగతి నాకు తెలుసులే" అంటూ బెల్టుకి ఇంకో చిల్లు పొడిపించుకున్నాడు.

మొదట్లో ఆమె బరువు తగ్గలేదు. పొద్దున్నే లేచి నలుగురికీ వండి, మూడు డబ్బాలు కట్టి, అత్తగారి మందులు తీసిపెట్టి, పిల్లకి జడవేసి, బస్సు పట్టుకుని ఉద్యోగానికి పరిగెత్తే మనిషికి "ఒళ్ళు వంచి కాస్త వ్యాయామం చెయ్యకూడదూ" అని సలహా వచ్చేది. ఒళ్ళు ఎక్కడ వంచలేదో ఆమెకి అర్థమయ్యేది కాదు. తర్వాత ఉన్నట్టుండి తగ్గడం మొదలైంది. ఆమె ఏమీ చెయ్యలేదు. పైగా ఆకలి ఎక్కువైంది. వంటింట్లో నిలబడి, అందరూ తిన్నాక మిగిలింది గిన్నెతో సహా ఊడ్చుకుని తినేది. అయినా అంకె దిగుతూనే ఉంది. దాంతో ఇంట్లో ఆమె పరపతి పెరిగింది. "ఇప్పుడు పెళ్లినాటి మనిషిలా ఉన్నావ్" అన్నాడతను. "నా కొడుకు పట్టుదల అలాంటిది మరి" అన్నారు అత్తగారు. "వదినా, రహస్యం ఏంటి? నా పెళ్లి లోపల నాకూ చెప్పు" అని ఆడపడుచు సందేశం పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ ముగ్గురూ ఒకే విషయానికి ఆమెని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు బాగుంది. సిగ్గు విడిచి చెప్పాలంటే చాలా బాగుంది.

కానీ ఒంట్లో ఏదో కుదురు తప్పింది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు. మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెడుతుంది. ఫ్యాను కింద కూర్చున్నా వీపు తడిసిపోతుంది. అందరూ చలంటుంటే ఆమె కిటికీ తెరుస్తుంది. మెట్లెక్కితే తొడల్లో పట్టు ఉండదు, గుండె మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరుగు. పిల్ల పెన్సిలు కింద పడేసినా అరుస్తోంది, అరిచాక ఏడుపొస్తోంది. "నీకీమధ్య కోపం ఎక్కువైంది" అన్నాడతను. "కాస్త తగ్గేసరికి నెత్తికెక్కింది" అన్నారు అత్తగారు. ఆమె కూడా అదే అనుకుంది. తనదే తప్పనుకోవడం ఆమెకి ఊపిరి పీల్చినంత అలవాటు.

ఒకరోజు సాయంత్రం అందరూ తింటుండగా అతను ఫోను తీసి యాప్ తెరిచాడు. "కొత్త కొలతట. ఎవరిదో చెప్పమంటోంది" అని చదివాడు. "ముప్ఫయ్యారు కిలోలు. మనింట్లో ఈ బరువు మనిషెవరబ్బా?" అని నవ్వాడు. ఆమె కూతురి వంక చూసింది. చిట్టి తల వంచుకుని కంచంలో అన్నాన్ని ఒక పక్కకి తోస్తోంది. కూర ముట్టనే లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ వారమంతా బడి నుంచి డబ్బా సగం నిండే తిరిగొస్తోందని.

గదిలోకి తీసుకెళ్ళి అడిగింది.

"ఎందుకెక్కావే?"

"ఊరికే."

"నిన్న కూడా ఎక్కావా?"

చిట్టి కళ్ళు మెరిశాయి. "మొన్న నాన్న ఫోనిచ్చినప్పుడు నావన్నీ తీసేశాను, ఎవరికీ తెలీకుండా. నేను కూడా తగ్గానమ్మా, నీలాగే. నానమ్మ నిన్ను ఎంత మెచ్చుకుంటోందో చూశావా?"

పిల్లని దగ్గరకి లాక్కుంటే దాని భుజం ఎముక అరచేతికి తగిలింది. ఈ మెప్పు తను ఒక్కతే తింటోందనుకుంది. పిల్ల కూడా అదే కంచంలో చెయ్యి పెట్టిందని చూసుకోలేదు.

మర్నాడు అతను స్నానానికి వెళ్ళినప్పుడు మొదటిసారి ఆ ఫోను తీసి తన గీతలు తనే చూసుకుంది. అందరూ చూసేది ఒక్క గీతే, బరువుది. దాని కింద ఇంకా చాలా ఉన్నాయి. కొవ్వు గీత కొంచెమే దిగింది. కండ గీత బావిలో చేద జారినట్టు జారిపోయింది. గుండె గీత మాత్రం ఎక్కుతూనే ఉంది. అన్నిటికంటే పైన, రంగు కాగితాలు ఎగురుతున్న బొమ్మ పక్కన, 'అభినందనలు' అని రాసి ఉంది.

ఆమె ఉద్యోగం రక్తం తియ్యడం. ఊరి నడిమధ్య ఒక పరీక్షల కేంద్రంలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చేతులు చాపినవాళ్లకల్లా నరం చూసి సూది గుచ్చుతుంది. ఆ రోజు ఒక గర్భిణి వచ్చి కూర్చుంది. మంచి నరం, తాడులా కనిపిస్తోంది. అయినా సూది పక్కకి పోయింది. రెండోసారి కూడా పోయింది. "ఫర్వాలేదండీ" అంది ఆ అమ్మాయి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. ఆమె తన చేతిని చూసుకుంది. వేళ్లు వణుకుతున్నాయి, గాలికి రెపరెపలాడే రశీదు కాగితంలాగా.

లోపలి గదిలో సూక్ష్మదర్శిని దగ్గర పనిచేసే పెద్దావిడని అందరూ అక్కా అంటారు. ఆవిడ వచ్చి, ఆ గర్భిణికి తనే రక్తం తీసి పంపించి, ఈమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎన్నాళ్ళనుంచి ఈ వణుకు?"

"నిద్ర లేదక్కా, అంతే. ఇంట్లో కూడా బాగా తగ్గావంటున్నారు..."

"తగ్గావని అంటున్నారు సరే. ఎందుకు తగ్గావని ఎవరైనా అడిగారా?"

ఆమె ఆలోచించింది. రహస్యం ఏంటని అడిగారు. ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

"చెయ్యిలా పెట్టు" అంది అక్క.

థైరాయిడ్ గ్రంథి హద్దు మీరి పనిచేస్తోందని తేలింది. ఆ రిపోర్టు పట్టుకుని వెళితే డాక్టరమ్మ మెడ తడిమి, నాడి చూసి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "మీ ఒళ్ళు తనని తనే తినేస్తోందమ్మా. గుండెమీద భారం పడుతోంది. ఇవాళే మాత్రలు మొదలుపెట్టండి. పోయిన బరువు తిరిగొస్తుంది, కండతో సహా. రావాలి కూడా. కంగారు పడకండి" అంది. ఆమె కంగారు పడలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది, హాయిగా. తను మంచిది కాకపోవడం వల్ల కాదు, జబ్బు వల్లే పిల్లమీద అరిచింది. ఆ ఒక్కమాట తెలిసినందుకే సగం బరువు దిగినట్టనిపించింది.

ఇంటికొచ్చి చెప్పింది. అతను నిజంగానే బెదిరిపోయాడు. నీళ్లు తెచ్చిచ్చాడు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు, "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. ఆ చేతిలో చెయ్యి పెట్టి ఆమె కాసేపు నెమ్మదించింది. తర్వాత అతను మాత్రల పెట్టె అటూ ఇటూ తిప్పి అడిగాడు.

"అంటే మళ్ళీ లావవుతావా?"

"తిరిగొస్తుందని చెప్పింది డాక్టరమ్మ."

అతను కాసేపు లెక్కలు కట్టుకున్నాడు. "చెల్లి పెళ్లి ఇంకెంతో దూరం లేదు. బట్టలు కూడా ఈ కొలతకే కుట్టించాం. ఇన్నాళ్ళూ లేనిది, ఇంకో రెండు నెలలు ఆగి వేసుకుంటే కొంపేం మునుగుతుంది? ఫోటోలు జన్మంతా ఉంటాయి. నేననేది ఒకసారి డాక్టర్ని అడుగు, అంతే."

"వాడన్నదీ నిజమే అమ్మాయ్" అన్నారు అత్తగారు. "అంత కష్టపడి తగ్గావు."

ఆమెకి ఒక్కసారిగా నవ్వొచ్చింది, నవ్వలేదు. ఇంకో రెండు నెలలు ఈ గుండె ఇలాగే పరిగెత్తాలి. మెట్ల దగ్గర కాళ్ళు ఇలాగే చచ్చుబడాలి. చేతులు చాపి కూర్చున్నవాళ్ళని ఇలాగే రెండేసి సార్లు పొడవాలి. ఫోటోలో సన్నగా కనబడడం కోసం. అతను చెడ్డవాడు కాదని ఇన్నేళ్లూ తనకి తనే చెప్పుకుంటూ వచ్చిన మాట ఇప్పటికీ నిజమే, అతను చెడ్డవాడు కాదు. కానీ ఆ మాట ఇక ఎందుకూ పనికిరాదని తోచింది. చెడ్డవాడు కానంత మాత్రాన తన ఒళ్ళు అతని చేతిలో పెట్టి ఊరుకోవాలా? ఈ ఒళ్ళు ఎవరిదో వాళ్ళే ఇందాక బస్సులో ఏడ్చారు. తలుపు సందులోంచి చిట్టి చూస్తోంది. ఆ పిల్ల ఇప్పుడు ఏం వింటుందో అదే నమ్ముతుంది.

లేచి వెళ్ళి గ్లాసులో నీళ్ళు పట్టుకొచ్చింది. అందరి ఎదుటా మాత్ర నోట్లో వేసుకుని మింగింది.

"మీ ఫోను ఒకసారి ఇవ్వండి" అంది.

"దేనికి?"

"ఇవ్వండి."

ఆ గొంతు అతనికి కొత్త. ఇచ్చాడు. ఆమె తన పేరు వెతికి, తీసెయ్యమని నొక్కింది. కొలతలన్నీ పోతాయి, ఖాయమేనా అని అడిగింది యాప్. ఖాయమే అని నొక్కి ఫోను తిరిగిచ్చేసింది. "ఆ యంత్రం అక్కడే ఉంటుంది. కావాలంటే మీరెక్కండి. నేనెక్కను, చిట్టి ఎక్కదు."

"చిట్టెందుకు ఎక్కుతుంది?" అన్నాడతను అయోమయంగా.

"దాన్నే అడగండి. తిట్టకుండా."

అతను అడిగాడో లేదో ఆమెకి తెలియదు. వారం రోజులు ముభావంగా ఉన్నాడు. "మంచికి పోతే ఇంతే" అని గోడలకి చెప్పాడు. అత్తగారు పలకడం మానేశారు, వంటింట్లో ఉప్పెక్కువైందని చెప్పడానికి తప్ప. ఆమెకి భయం వెయ్యలేదని కాదు. పొద్దున్నే ఫోను మోగని నిశ్శబ్దంలో ఎన్నిసార్లో ఆ బాత్రూమ్ తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. మెప్పు మానడం కూడా ఒక అలవాటు మానడమే. కానీ రోజులు గడిచేకొద్దీ చేతులు నిలిచాయి. నరం దొరికింది. మెట్లు మళ్ళీ మెట్లయ్యాయి. సాయంత్రాలు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, తనూ కంచం పెట్టుకుని, నిలబడి కాకుండా కూర్చుని తినడం మొదలుపెట్టింది. మొదట్లో చిట్టి ఆమె తిన్నప్పుడే తినేది, ఆమె ఆపితే ఆపేది. అందుకని ఆమె ఆపేది కాదు.

పెళ్లినాటికి కొత్త బట్టలు పట్టలేదు. పాతవే ఇస్త్రీ చేసుకుని వేసుకుంది. మండపంలో కుటుంబమంతా ఫోటోకి వరసగా నిలబడుతుంటే అతను చెవి దగ్గర "నువ్వు కాస్త వెనక వరసలోకి వెళ్ళకూడదూ" అన్నాడు. ఆమె వినిపించుకోనట్టే ముందు వరసలో, చిట్టి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. చిట్టి నోటినిండా ఏదో నములుతోంది.

అంతలో అతని పెద్దమ్మ వచ్చి ఆమె దవడ పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. పదిమందీ వినేలా అడిగింది.

"అదేంటే అమ్మాయ్! మొన్న పెళ్లి మాటలకి మీ ఇంటికొచ్చినప్పుడు తీగలా ఉన్నావ్, కళ్ళు చల్లబడ్డాయి నాకు. మళ్ళీ ఇలా అయ్యావేంటి? ఏమైంది?"

అతను నేలకేసి చూశాడు. అత్తగారు కెమెరా వైపు చూశారు. చిట్టి నమలడం ఆపి తల్లి మొహంలోకి చూసింది.

"ఏం లేదు పెద్దత్తయ్యగారూ, అప్పుడు ఒంట్లో బాగోలేదు" అంది ఆమె. "ఇప్పుడు తగ్గింది."